ఫలక్‌నుమాలో లాప్‌టాప్ మూశాక

అమెరికా ఖండాల గడియారానికి పనిచేసే ఉద్యోగులకు హైదరాబాద్‌లో మంచి చోటేదంటే, నేను పాతబస్తీయే అంటాను. మధ్య అమెరికాలో ఏడు దేశాలున్నాయి. పనామా సిటీ తప్ప మిగతా ఆరు రాజధానుల్లోనూ ఒకటే టైం. మనకంటే పదకొండున్నర గంటలు వెనక. ఎండాకాలంలో గడియారం ముందుకు జరిపే పద్ధతి అక్కడ లేదు. కోస్టారికా రాజధాని శాన్ హోసేలో పొద్దున తొమ్మిదైతే ఫలక్‌నుమాలో రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ సాయంత్రం ఐదైతే ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. ఏడాది పొడవునా ఇంతే. న్యూయార్క్ కంపెనీకి పనిచేసేవాళ్ల షిఫ్టు మాత్రం మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి గంట జరుగుతుంది.

లాప్‌టాప్ మూసి బయటికొచ్చే ఆ వేళకు ఏం దొరుకుతుంది? పాతబస్తీ వాళ్ల నాష్తా నహారీ కుల్చా. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన పాయా, దాంట్లో ముంచుకోవడానికి మెత్తని కుల్చా, ఆ పైన ఇరానీ చాయ్. రాత్రి షిఫ్టు చేసినవాళ్లకు ఇంతకంటే మంచి భోజనం నాకు తెలియదు. ఒక్క మాట: ఇరానీ హోటల్లో బల్ల అందరిదీ. అక్కడ లాప్‌టాప్ పరిచి కూర్చోకండి.

ఫలక్‌నుమా ప్యాలెస్‌ను కట్టించింది నిజాం కాదు, మీకు తెలుసా? పైగా అనే వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న పునాది రాయి వేయించారు. తర్వాతి కాలంలో ఆయన హైదరాబాద్ సంస్థానానికి ప్రధానమంత్రి కూడా అయ్యారు. కట్టడం తేలు ఆకారంలో ఉంటుంది. కట్టేసరికి నవాబు అప్పుల్లో కూరుకుపోయారనీ, ఆ సంగతి గ్రహించిన నిజామే సొమ్మిచ్చి తీసుకున్నారనీ ఊళ్లో చెప్పుకుంటారు. 1897లో అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికొచ్చింది. 1911లో ఆయన కన్నుమూసిందీ ఇందులోనే. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ బస చేసి వెళ్లాక దశాబ్దాలపాటు తాళాలు పడ్డాయి. ఏళ్ల తరబడి మరమ్మతులు సాగాక 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఇక్కడిదే. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఆ బల్ల మీదే.

పేరు చూసి పొరబడకండి, హౌరా నుంచి వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఫలక్‌నుమాకు రాదు. సికింద్రాబాద్‌తో దాని ప్రయాణం సరి.

ఆషాఢంలో ఇక్కడుంటే లాల్‌దర్వాజా బోనాలు చూడకుండా వెళ్లొద్దు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేసినప్పుడు ఇదే మహబూబ్ అలీఖాన్ అమ్మవారికి మొక్కి, పసుపు కుంకుమలతో మూసీని శాంతింపజేశారని బస్తీ నమ్మకం. పాము కరిచినవాళ్లు ఆయన పేరు తలుచుకుంటే విషం దిగుతుందనీ నమ్మేవారు. మక్కా మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉంది. మతం తేడా లేకుండా జనం ఇంతగా సొంతం చేసుకున్న పాలకులు ఎంతమంది ఉంటారు? బోనాల మరునాడు అమ్మవారి ఘటం ఏనుగు మీద ఊరేగుతుంది. నయాపూల్ దగ్గర మూసీ దాకా సాగే ఆ ఊరేగింపులో నడిస్తే పాతబస్తీలోని తెలుగు గొంతు ఎంత గట్టిదో వినిపిస్తుంది.

చాంద్రాయణగుట్ట దాటితే బార్కాస్. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బారకాసులు ఉన్న చోటది. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినే మండీ రుచి నగరమంతా పాకింది ఈ పేటవల్లే. ఇక్కడి జామపళ్లకూ పేరుంది.

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల దారి. అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. లింగంపల్లి నుంచి బయల్దేరి హైటెక్ సిటీ మీదుగా ఫలక్‌నుమాకు వచ్చే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది. కాచిగూడ దాటాక మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, తర్వాత ఫలక్‌నుమా. ఐటీ ఉద్యోగులు ఈసారి కాచిగూడలో దిగకుండా కూర్చోండి.