క్షయగా పొరబడే ఊపిరితిత్తుల క్యాన్సర్: కణ పరీక్షతోనే నిర్ధారణ

దగ్గు, జ్వరం, ఆయాసం, బరువు తగ్గడం, కఫంలో రక్తపు జీర - ఈ లక్షణాలు క్షయలోనూ, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనూ కనిపిస్తాయి. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు మంది భారతదేశంలోనే ఉన్నందున, ఛాతీ ఎక్స్-రేలో నీడ కనిపించగానే అనుమానం మొదట క్షయ వైపు మళ్ళడం సహజం. అయితే ఎక్స్-రే నీడ వ్యాధి ఉన్న చోటును చూపుతుందే గాని, అది ఏ వ్యాధియో తేల్చదు. కఫంలో క్రిములు లేకున్నా ఎక్స్-రే ఆధారంగానే క్షయ మందులు కొనసాగించినట్లయితే, క్యాన్సర్ రోగికి శస్త్రచికిత్సకు వీలైన దశ దాటిపోయే ప్రమాదం ఉంది.

పోలికకు కారణాలు

శ్వాసనాళంలో పెరిగిన కణితి దారిని మూసివేసినప్పుడు, దాని ఆవలి భాగంలో స్రావాలు నిలిచి నిజంగానే న్యుమోనియా వస్తుంది. యాంటీబయాటిక్ మందులతో జ్వరం తగ్గినా కణితి అలాగే ఉండి, అదే చోట న్యుమోనియా తిరగబెడుతుంది. అడినోకార్సినోమాలోని ఒక రకం గడ్డ కట్టకుండా గాలి గదుల గోడల వెంట వ్యాపించి, వాటిని జిగురు ద్రవంతో నింపుతుంది. సీటీ స్కాన్‌లో సైతం ఇది న్యుమోనియా వలె కనిపిస్తుంది. పొగతాగే అలవాటు లేనివారిలోనూ ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు.

ఎప్పుడు అనుమానించాలి

చికిత్స జరుగుతున్నా బరువు తగ్గుతూ ఉండడం, కఫంలో రక్తం ఆగకపోవడం, గొంతు బొంగురుపోవడం, మెడలో గడ్డలు కనిపించడం, ఒకే చోట న్యుమోనియా మళ్ళీ మళ్ళీ రావడం ముఖ్యమైన సూచనలు. న్యుమోనియా తగ్గిన తర్వాత, 50 ఏళ్ళు దాటినవారికి, పొగతాగేవారికి సుమారు 6 వారాలకు మరల ఎక్స్-రే తీయించడం మంచిది. హెచ్చరిక లక్షణాలు ఉన్నచో అంతవరకు వేచి ఉండరాదు.

నిర్ధారణ విధానం

కఫ పరీక్షలో క్షయ క్రిమి జన్యు పదార్థాన్ని గుర్తించే యంత్రాలు సుమారు 2 గంటలలో ఫలితం ఇస్తాయి. క్రిమి కనిపించనప్పుడు, మందులకు గుణం లేనప్పుడు సీటీ స్కాన్ అవసరమవుతుంది. ఆపై కణితి ఉన్న చోటును బట్టి బ్రాంకోస్కోపీ ద్వారా గాని, ఛాతీ గోడ నుండి సూది ద్వారా గాని ముక్క తీసి పరీక్షిస్తారు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినట్లయితే ఆ నీటిలోని కణాలను పరిశీలిస్తారు. క్యాన్సర్ తేలిన పిదప జన్యు మార్పుల పరీక్ష కొందరికి తగిన మాత్రలను ఎంపిక చేయడానికి తోడ్పడుతుంది.

క్షయ, క్యాన్సర్ ఒకే వ్యక్తిలో ఉండే అవకాశం కూడా ఉన్నందున, ఒకటి తేలినంత మాత్రాన రెండవది లేదని భావించరాదు. అలాగని రోగులు స్వయంగా క్షయ మందులు మానరాదు. గుణం కనిపించని రోగిని సకాలంలో ఛాతీ వ్యాధుల నిపుణుల వద్దకు పంపించడమే క్షేత్రస్థాయి సిబ్బంది చేయగల అత్యంత విలువైన సహాయం.