సెంటు స్థలంలో మూడు కార్లు

నందికొట్కూరులో కారును ఏ వేపచెట్టు నీడనో ఆపి పని చూసుకుని వస్తాం. ముప్ఫై కిలోమీటర్లు పోయి కర్నూలులో దిగామో లేదో, చీటీ చేతిలో పెట్టి డబ్బులడిగేవాళ్లు ఎదురవుతారు. కారు ఆపినందుకు డబ్బులేందని చాలామందికి మనసొప్పదు.

జాగా లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. కారు నిలబెట్టడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. అంటే దాదాపు 15 గజాలు. సెంటుకు 48.4 గజాలు కాబట్టి, తిప్పుకునే దారిని లెక్కలో వేసుకోకపోయినా, సెంటులో పట్టేవి మూడే కార్లు. మనం కట్టేది ఆ జాగాకు అద్దె. అమెరికాలోని ఓక్లహామా సిటీలో 1935లో మొదటి పార్కింగ్ మీటరు పెట్టినప్పటి నుంచీ ఈ అద్దెను గడియారంతో ముడిపెట్టారు.

జాతరల దగ్గర, గుళ్ల దగ్గర ఎక్కువగా ఒకసారికి ఇంత అని తీసుకుంటారు. ఐదు నిమిషాలున్నా, సాయంత్రం దాకా ఉన్నా ఒకటే రేటు. ఇందులో తికమక లేదు.

తికమకంతా గంటల లెక్కలోనే. మన ఊరికి రైలు లేదు, ఎవరినైనా ఎక్కించాలంటే కర్నూలు స్టేషనుకో, డోనుకో పోవాలి. మొదటి రెండు గంటలకు 30 రూపాయలు, ఆపైన ప్రతి గంటకు 20 అనుకుందాం. రైలు ఆలస్యమై రెండు గంటల పది నిమిషాలైతే కట్టాల్సింది 50. ఆ పది నిమిషాలకే 20 రూపాయలు. రాత్రికి వదిలిపెట్టేవాళ్లు ఇంకొకటి అడగాలి: రోజంటే మనం లోపలికి వచ్చిన గంట నుంచి 24 గంటలా, లేక అర్ధరాత్రి పన్నెండుతో రోజు మారిపోతుందా? సాయంత్రం పెట్టి పొద్దున తీసుకునేవాళ్లకు ఒక రోజు డబ్బులా, రెండు రోజులవా అన్నది ఈ ఒక్క మాటతో తేలుతుంది. నేనొకసారి చీటీ పోగొట్టుకున్నాను. ఆపింది గంటన్నరే అయినా రోజంతటికీ కట్టించుకుని, ఆర్‌సీ చూశాకే గేటు తీశారు. అప్పటి నుంచి చీటీ అందుకోగానే ఫోనులో ఫొటో తీసుకుంటున్నాను.

హైదరాబాదు మాల్‌కు పోతే తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వు గుర్తుంచుకోండి. మొదటి 30 నిమిషాలు అందరికీ ఉచితం. అక్కడి నుంచి గంట వరకు, లోపల ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే, బిల్లు గానీ సినిమా టికెట్టు గానీ పార్కింగ్ రుసుము కంటే ఎక్కువైతే కట్టనక్కర్లేదు. టీ తాగిన బిల్లైనా సరే, బయటికి వచ్చేదాకా పారేయకండి.

పెద్ద హోటళ్లలో తాళంచెవి తీసుకుని వాళ్లే పెడతారు. అక్కడ లెక్క మారుతుంది. చీటీ మీద ‘యజమాని బాధ్యతపైనే’ అని అచ్చువేసి ఉన్నా, తాళంచెవితో సహా అప్పగించిన కారు పోతే, తమ నిర్లక్ష్యం లేదని చూపాల్సింది హోటలేనని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. ఆ కేసులో పోయింది 1998లో ఢిల్లీ హోటల్లో అప్పగించిన మారుతి జెన్. తాళంచెవి ఇచ్చేముందు కిలోమీటర్ల రీడింగు, బంపరు మీది గీతలు కూడా ఫొటో తీసి పెట్టుకోండి.