క్యాన్ అడుగున ఉండే తేదీ

అమెరికాలో క్రాఫ్ట్ బీరు (చిన్న బ్రూవరీలు తమదైన పద్ధతిలో కొద్ది మోతాదుల్లో కాచే బీరు) ఇష్టపడేవాళ్లు నలుగురు కలిస్తే మాటలు రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. నీకు ఏ బ్రూవరీ ఇష్టం? ఈమధ్య ఏం తాగావు? మొదటిది అభిమానం కొద్దీ అడిగేది. రెండోదాని వెనక మాత్రం రసాయన శాస్త్రం ఉంది. బ్రూవరీ అదే, పేరు అదే, క్యాన్ అదే అయినా ఏప్రిల్లో తాగిన రుచి ఆగస్టులో ఉండదు. అందుకే వాళ్లు కొనేముందు క్యాన్ తిరగేసి అడుగున ముద్రించిన తేదీ చూస్తారు. ఆ తేదీకి అంత విలువ ఎందుకో తెలియాలంటే బీరు ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి.

బీరుకు మూలం మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ). దాన్ని మరపట్టి సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో నానబెడతారు. గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ తియ్యటి నీళ్లను వడకట్టి గంటసేపు మరిగిస్తారు. అప్పుడే హాప్స్ (ఒక తీగకు పూసే ఆకుపచ్చటి పువ్వులు) వేస్తారు. తర్వాత చల్లార్చి ఈస్ట్ కలిపితే, అది చక్కెరను తిని ఆల్కహాల్‌నూ బుడగలనూ ఇస్తుంది.

అసలు కథ హాప్స్‌ది. వాటిలో చేదునిచ్చే ఆమ్లాలూ ఉంటాయి, సువాసన నూనెలూ ఉంటాయి. చేదు బయటికి రావాలంటే బాగా మరగాలి. మరిగితే సువాసన ఆవిరైపోతుంది. ఈ చిక్కుకు బ్రూవర్లు కనిపెట్టిన ఉపాయం డ్రై హాపింగ్: పులియడం ముగింపుకొచ్చాక, చల్లటి బీరులో మళ్లీ హాప్స్ వేసి కొన్ని రోజులు ఉంచడం. అప్పుడు చేదు పెద్దగా పెరగదు, వాసన మాత్రం దిగుతుంది. 1972లో అమెరికాలో కాస్కేడ్ అనే కొత్త హాప్ రకం విడుదలైంది. దానిది పంపరపనస తొక్కను గిల్లితే వచ్చేలాంటి వాసన. 1980లో కాలిఫోర్నియాలోని చీకోలో మొదలైన సియెర్రా నెవాడా బ్రూవరీ ఆ హాప్‌తో పేల్ ఎయిల్ అనే రకం బీరు కాచింది. బీరు అంటే పలచటి లాగరే అనుకున్న దేశానికి ఆ వాసన కొత్త. తర్వాత వచ్చిన చిన్న బ్రూవరీలు ఎన్నో అదే దారి పట్టాయి.

అయితే ఆ సువాసన నిలవదు. పొద్దున చెట్టునుంచి దింపిన కల్లు సాయంత్రానికి ఎలా మారిపోతుందో మన ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కల్లును మార్చేది అందులోని ఈస్ట్, బ్యాక్టీరియా. బీరును మార్చేది ముఖ్యంగా ఆక్సిజన్. గంటల్లో కాదు, వారాల్లో. క్యాన్‌లో నింపేటప్పుడు లోపల చిక్కుకున్న రవ్వంత గాలి చాలు. ముందు హాప్ నూనెల పరిమళం తగ్గుతుంది. పళ్ల వాసన పోయి ఒక మొద్దు తీపి మిగులుతుంది. మరీ పాతబడితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. వేడి ఈ పనిని వేగిరం చేస్తుంది. ఫ్రిజ్‌లో మూడు నెలలు ఓపికపట్టే బీరు ఎండాకాలం గోదాములో అన్నాళ్లు ఆగదు. వెలుతురు చేసే హాని వేరు. అది హాప్స్ చేదును విరగ్గొట్టి, గంధకంతో కలిపి దుర్వాసన పుట్టిస్తుంది. గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా ఆపలేదు, క్యాన్ పూర్తిగా ఆపుతుంది.

ఇది తెలిసిన బ్రూవరీలు దాచిపెట్టలేదు. కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ బ్రూవరీ కాచే ప్లినీ ది ఎల్డర్ అనే బీరు సీసా మీదే చల్లగా ఉంచండి, తాజాగా తాగండి, దాచకండి అనే సూచన ఉంటుంది. స్టోన్ బ్రూవింగ్ 2012లో ఇంకో అడుగు వేసింది. ఏ తేదీలోగా తాగాలో ఆ తేదీనే బీరు పేరులో పెట్టింది.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునేది వెర్మాంట్ రాష్ట్రంలోని హెడీ టాపర్ అనే బీరు కథ. వాటర్‌బరీ అనే చిన్న ఊళ్లో 2003లో ది ఆల్కెమిస్ట్ అనే పబ్ తెరిచారు. బీరు అక్కడే కాచి అక్కడే పోసేవాళ్లు. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను వరద ఆ పబ్‌ను ముంచేసింది. కానీ అదే ఊళ్లో వేరేచోట క్యాన్లు నింపే యూనిట్ అప్పటికే సిద్ధమైంది. వరద వెళ్లిన కొద్ది రోజుల్లోనే హెడీ టాపర్ మొదటి క్యాన్లు బయటికొచ్చాయి. వడపోయని, మసకగా ఉండే, 8 శాతం ఆల్కహాల్ ఉన్న ఆ బీరు కోసం పక్క రాష్ట్రాలనుంచి కార్లలో వచ్చేవాళ్లు. ఆ ధోరణి బీర్లకు న్యూ ఇంగ్లండ్ ఐపీఏ (ఇండియా పేల్ ఎయిల్) అని పేరొచ్చింది. హాప్స్ దండిగా పడేవి కాబట్టి తొందరగా చెడేవీ ఇవే. గాలి తగిలినవి పసుపు పోయి మట్టిరంగుకు తిరుగుతాయి. గ్లాసులో పోయగానే కంటికే తెలిసిపోతుంది.

తాజాదనం కోసం పట్టే పట్టు సెప్టెంబరులో ఇంకా గట్టిగా కనిపిస్తుంది. అమెరికా హాప్స్‌లో అత్యధిక భాగం పండేది వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు అది కారులో వెళ్లొచ్చే దూరమే. మామూలుగా పువ్వులను కోయగానే ఆరబెట్టి, గుళికలుగా నొక్కి ఏడాదంతా వాడతారు. కోతల వారాల్లో మాత్రం కొన్ని బ్రూవరీలు పచ్చిపువ్వులను ఒక్క రోజులోపే బీరులో వేస్తాయి. పచ్చిపువ్వులో ఎక్కువభాగం నీరే కాబట్టి ఎండినవాటికి అయిదారు రెట్లు వేయాలి. పొలం దగ్గరున్నవాళ్లకే సులువుగా సాగే పని ఇది.

అన్ని బీర్లకూ ఈ తొందర లేదు. బ్రస్సెల్స్‌లోని కాంటియోన్ బ్రూవరీ గాల్లోని ఈస్ట్, బ్యాక్టీరియాలతో లాంబిక్ అనే బీరును పులియబెట్టి పీపాల్లో ఏళ్లపాటు ఉంచుతుంది. ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లు కలిపితే గూజ్ అవుతుంది. బాగా గట్టిగా కాచిన నల్లటి స్టౌట్లు కూడా నిలవకు తట్టుకుంటాయి. వాటి రుచి హాప్ నూనెల మీద ఆధారపడి ఉండదు.

ఇక ఇష్టమైన బ్రూవరీ సంగతి. చిన్నదైతే మంచిది, పెద్దదైతే కాదు అనే మాట తరచుగా వింటాం. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. రుచిని చెడగొట్టేవి దూరం, వేడి, ఆలస్యం. వాటికి చిన్నా పెద్దా తేడా లేదు. సియెర్రా నెవాడా తూర్పు తీరం కోసం నార్త్ కరొలైనాలో రెండో బ్రూవరీ కట్టుకుంది. అలాంటి పెద్ద బ్రూవరీ బీరు, అజాగ్రత్తగా నింపే చిన్న బ్రూవరీ బీరు కన్నా తాజాగా ఉండొచ్చు. చాలామందికి సొంత ఊరి బ్రూవరీయే గొప్పగా అనిపించడానికి అసలు కారణం అది దగ్గరుండడమే. ట్యాంకునుంచి గ్లాసుకు మధ్య లారీ లేదు, గోదాము లేదు.

తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీల (కాచినచోటే అమ్మే చిన్న బ్రూవరీల) నిబంధనలు వచ్చాక హైదరాబాద్‌కూ ఆ వీలు దొరికింది. కాచినచోటే పోసే బీరుకు క్యాన్ ఉండదు, అడుగున తేదీ ఉండదు. కాబట్టి నోటితోనే అడగాలి: ఈ బీరు ట్యాంకునుంచి తీయడం ఎప్పుడు మొదలైంది? గోధుమ బీరుకైనా ఈ ప్రశ్న వర్తిస్తుంది. అందులోని అరటిపండు, లవంగం వాసనలు ఈస్ట్ ఇచ్చినవి, అవి కూడా లేతగా ఉన్నప్పుడే బాగుంటాయి. సమాధానం దొరక్కపోతే ఆ చోట బాగా అమ్ముడయ్యే రకం తీసుకోవడం మేలు. దాని ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది, కొత్తది త్వరగా వస్తుంది.