ఎల్‌సీడీ తెర వెనుక కెమెరా ఎందుకు కుదరడం లేదు?

సెల్‌ఫోన్ తెర పైభాగంలో కనిపించే చిన్న నల్లని రంధ్రం అలంకారం కోసం పెట్టినది కాదు. కెమెరాను తెర చాటున దాచలేక తయారీ సంస్థలు చేసుకున్న రాజీ అది. ఓలెడ్ తెర వెనుక కెమెరాను అమర్చిన ఫోన్లు 2020 నుంచే విపణిలోకి వచ్చాయి. తక్కువ ధర ఫోన్లలో, టీవీల్లో, అనేక ల్యాప్‌టాప్‌లలో వాడే ఎల్‌సీడీ తెరలకు మాత్రం ఆ సౌకర్యం అందలేదు. ఇందుకు కారణం కేవలం ఖర్చు కాదు. ఎల్‌సీడీ పనిచేసే విధానంలోనే చిక్కు ఉంది.

చూపులు కలవని మాటలు

వీడియో కాల్‌లో ఎదుటివారి ముఖం తెర మధ్యలో ఉంటుంది, కెమెరా పైఅంచున ఉంటుంది. ముఖాన్ని చూస్తూ మాట్లాడితే అవతలివారికి చూపు కిందికి వాలినట్లు కనిపిస్తుంది. కెమెరా వైపు చూస్తే ఎదుటివారి ముఖకవళికలు కనిపించవు. రైల్వే కొలువుల కోసం వెళ్లి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైనా, గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్న వారికైనా ఊళ్లోని పెద్దలతో పలకరింపులు తెరపైనే సాగుతున్నాయి. వైద్య సలహాలు, ఉద్యోగ ముఖాముఖి పరీక్షలు కూడా ఇదే దారి పట్టాయి. అందువల్ల తెర వెనుక కెమెరా అనేది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం కొత్తది కాదు. జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ సంస్థలో హిరోషి ఇషీ బృందం 1990 దశకం ఆరంభంలోనే ‘క్లియర్‌బోర్డ్’ అనే వ్యవస్థను రూపొందించింది. సగం కాంతిని ప్రతిఫలింపజేసే అద్దం సాయంతో, ఇద్దరు వ్యక్తులు ఒకే గాజు పలకకు చెరోవైపు నిలబడి మాట్లాడుకుంటున్న అనుభూతిని అది కలిగించింది. అయితే దానికి పెద్ద బల్లంత స్థలం అవసరమైంది. సన్నని ఫోన్‌లో అలాంటి అమరికకు చోటు లేదు.

అడ్డుగా నిలిచే పొరలు

ఓలెడ్ తెరలో ప్రతి చుక్కా స్వయంగా వెలుగుతుంది. ఎల్‌సీడీలోని ద్రవ స్ఫటికాలకు సొంత కాంతి ఉండదు. వెనుక నుంచి వచ్చే వెలుగును ఎంత వదలాలో, ఎంత ఆపాలో నిర్ణయించడమే వాటి పని. ఆ వెలుగును తెరంతటా సమానంగా పరిచేందుకు కాంతి వాహక పలక, వ్యాపన పొరలు, అడుగున ప్రతిఫలన పొర ఉంటాయి. ఈ చివరి పొర అపారదర్శకం. దాని వెనుక కెమెరాను ఉంచితే ఏమీ కనిపించదు.

ఆ పొరకు రంధ్రం చేసినా సమస్య తీరదు. ముందున్న పోలరైజర్ బయటి కాంతిలో సుమారు సగాన్ని ఆపేస్తుంది. మిగిలినదానిలో మూడో వంతు మాత్రమే రంగుల వడపోతలను దాటుతుంది. అంటే కెమెరాకు ఆరో వంతు కాంతి కూడా అందదు. సన్నని తీగలు, ట్రాన్సిస్టర్లు మరికొంత కాంతిని అడ్డుకోవడంతో పాటు దాన్ని వంచి చిత్రాన్ని మసకబారుస్తాయి. పైగా రంధ్రం చేసిన చోట వెనుక వెలుగు ఉండదు కనుక తెరపై నల్లమచ్చ మిగులుతుంది.

ప్రయత్నించిన మార్గాలు

ఆ మచ్చను అంగీకరించి, వీలైనంత చిన్నది చేయడం మొదటి మార్గం. 2018 డిసెంబర్‌లో చైనాలో ఆవిష్కరించిన ఆనర్ వీ20, శాంసంగ్ గెలాక్సీ ఏ8ఎస్ ఫోన్లు ఎల్‌సీడీ తెరలోనే కెమెరాకు గుండ్రని రంధ్రం కల్పించాయి.

రెండో మార్గం సమయాన్ని పంచుకోవడం. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రమేశ్ రాస్కర్ సహా నలుగురు పరిశోధకులు 2009లో ‘బైడై స్క్రీన్’ను ప్రదర్శించారు. అందులో ఎల్‌సీడీ ఒక క్షణం బొమ్మను చూపుతుంది, మరుక్షణం కాంతిని లోనికి పంపే ప్రత్యేక నమూనాగా మారుతుంది. తెరకు కొంత దూరంలో వెనుక ఉన్న గ్రాహకం ఆ కాంతిని నమోదు చేస్తుంది. తెర ముందున్న చేతుల కదలికలను గుర్తించగలిగినా, దాన్ని సన్నని పరికరంలో ఇమిడించడం తేలిక కాదు.

మూడోది పరారుణ కాంతి. ఈ కాంతిని దాటనిచ్చే పొరలతో, ఎల్‌సీడీ కింద వేలిముద్రను గుర్తించే నమూనా ఫోన్‌ను రెడ్‌మీ 2020 మార్చిలో చూపింది. వేలిముద్రకు ఇది సరిపోవచ్చు గానీ, సహజ రంగుల్లో ముఖచిత్రం తీయడానికి సరిపోదు.

ఓలెడ్‌లోనూ వెనకడుగు

2020లో వచ్చిన జెడ్‌టీఈ యాక్సాన్ 20, 2021 నాటి శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్3 ఓలెడ్ తెర కిందే కెమెరాను దాచాయి. ఫోల్డ్3లో ఆ కెమెరా సామర్థ్యం 4 మెగాపిక్సెళ్లే. బయటి తెరపై ఉన్న సెల్ఫీ కెమెరాకు 10 మెగాపిక్సెళ్లు ఇచ్చారు. మసకను సాఫ్ట్‌వేర్ కొంతవరకు తొలగించినా, పోయిన వివరాలన్నింటినీ తిరిగి తేలేదు. చివరికి 2025 జులైలో విడుదలైన ఫోల్డ్7లో శాంసంగ్ మళ్లీ రంధ్రం ఉన్న కెమెరానే ఎంచుకుంది.

తెలుగు నేలతో బంధం

ఈ పరిశ్రమ తెలుగువారికి దూరమైనది కాదు. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోన్‌ను 2015 ఆగస్టులో విశాఖపట్నంలో ఆవిష్కరించారు. దాని తెర ఎల్‌సీడీయే. తిరుపతి సమీపంలో డిస్‌ప్లే ప్యానెళ్ల కర్మాగారానికి చైనా సంస్థ టీసీఎల్ 2018 డిసెంబర్‌లో శంకుస్థాపన చేసింది.

కొనుగోలుదారులు గమనించవలసినది ఒక్కటే. రంధ్రం లేని తెర ఉన్నంత మాత్రాన కెమెరా మెరుగైనదని అర్థం కాదు. ఎల్‌సీడీ ఫోన్‌లో రంధ్రం గానీ, పైఅంచున గాడి గానీ ఉంటే అది నాసిరకానికి గుర్తూ కాదు. కెమెరాకు స్పష్టమైన కాంతి అందేందుకు వదిలిన దారి అది. వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు ఎదుటివారి చిత్రాన్ని చిన్నదిగా చేసి, కెమెరాకు దగ్గరగా జరుపుకొంటే చూపుల మధ్య తేడా చాలావరకు తగ్గుతుంది.