అర సెకను పని, అసలు పని

అబిడ్స్ దగ్గర చదువుకునే ఓ పాలిటెక్నిక్ కుర్రాడు అడిగాడు: "సీలింగ్ ఫ్యానుకు కండెన్సర్ ఒక్కటే చాలు కదా సార్, ఫ్రిజ్‌కు మళ్లీ రిలే ఎందుకు?"

చిక్కంతా సింగిల్ ఫేజ్ కరెంటులో ఉంది. ఒక్క వైండింగుకే దాన్నిస్తే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ ఊగుతుంది తప్ప తిరగదు. రోటరు గుయ్యిమంటూ నిలబడిపోతుంది. కండెన్సర్ పోయిన ఫ్యాను రెక్కను కర్రతో నెట్టి తిప్పడం మనకు తెలిసిందే. ఎటు నెడితే అటే తిరుగుతుంది. కంప్రెసర్‌లో ఆ నెట్టే పని స్టార్టింగ్ వైండింగుది. దాని తీగ సన్నం, రెసిస్టెన్సు ఎక్కువ. అందుకే అందులో కరెంటు రన్నింగ్ వైండింగులోని కరెంటు కంటే కాస్త ముందు నడుస్తుంది. ఆ తేడాతోనే క్షేత్రం తిరుగుతుంది. కానీ ఆ సన్నతీగ ఎక్కువసేపు ఓర్చుకోలేదు. మోటారు వేగం అందుకోగానే, అంటే అర సెకను అటూ ఇటూగా, దాన్ని తప్పించాలి.

మామూలు మోటార్లలో ఈ పని షాఫ్టు మీది సెంట్రిఫ్యూగల్ స్విచ్ చేస్తుంది. ఫ్రిజ్‌లో అది కుదరదు. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ 'మానిటర్ టాప్' మోడల్‌తో ఇంటి ఫ్రిజ్‌లో సీల్డ్ కంప్రెసర్ స్థిరపడింది. మోటారు, ఆయిలు, గ్యాసు అన్నీ ఒకే ఉక్కు డబ్బాలో. అందులో స్విచ్ పెడితే నిప్పురవ్వలకు ఆయిలూ గ్యాసూ చెడతాయి, స్విచ్ అరిగితే మార్చడానికి చెయ్యి దూరదు. కాబట్టి స్విచ్ బయటే ఉండాలి. మోటారును చూడకుండానే దాని వేగం పసిగట్టాలి.

ఎలా? కరెంటును బట్టి. ఆగి ఉన్న మోటారు నడిచేటప్పటికంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ కరెంటు రిలేలోని కాయిల్ గుండా పోతూ ఇనుప ప్లంజర్‌ను పైకి లాగుతుంది, కాంటాక్టు కలుస్తుంది. వేగం పెరిగి కరెంటు తగ్గగానే ప్లంజర్ తన బరువుకే కిందపడుతుంది. చాలా రిలేలలో స్ప్రింగు కూడా ఉండదు, భూమ్యాకర్షణే స్విచ్! తలకిందులుగా బిగిస్తే పనిచేయదు. పాత హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌ల కాలం నాటి ఈ పనితనమంటే నాకు ఇప్పటికీ మోజే.

ఈ కాయిల్ రిలేను పక్కకు నెట్టింది కదిలే భాగమే లేని పీటీసీ, కాస్త మలినం కలిపిన బేరియం టైటనేట్ పింగాణీ బిళ్ల. చల్లగా ఉన్నప్పుడు పది, ఇరవై ఓములు. కరెంటు పారి దాదాపు 120 డిగ్రీలు దాటగానే రేణువుల సరిహద్దుల్లో అడ్డుగోడలు లేచి రెసిస్టెన్సు వేల రెట్లు పెరుగుతుంది. స్టార్టింగ్ వైండింగు తప్పుకున్నట్టే. నష్టమేమంటే, ఫ్రిజ్ నడుస్తున్నంతసేపూ బిళ్ల వేడిగానే ఉంటుంది. కరెంటు పోయి వెంటనే వస్తే చల్లారని బిళ్ల మోటారును లేపలేదు. స్టెబిలైజర్‌లో మూడు నిమిషాల ఆలస్యం ఇందుకు కూడా పనికొస్తుంది. ఇన్వర్టర్ కంప్రెసర్‌లకైతే ఈ రెండూ అక్కర్లేదు; వాటికి రిలే లేదు, బోర్డే.

రిలే పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ఫ్రిజ్ కాసేపు గుయ్యిమని, 'టిక్' మని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే చేస్తుంటే రిలేను అనుమానించండి. ఆ టిక్, మోటారు వేడెక్కితే కరెంటు తెంపే ఓవర్‌లోడ్ స్విచ్‌ది. ప్లగ్ పూర్తిగా పీకేయండి. కంప్రెసర్ పక్క మూత తీసి రిలేను నేరుగా బయటికి లాగండి. కండెన్సర్ (కెపాసిటర్) ఉంటే, రిలే లాగకముందే దాన్ని డిశ్చార్జి చేయాలి, అలవాటు లేకపోతే ముట్టుకోవద్దు. రిలేను చెవి దగ్గర ఊపితే పీటీసీ ముక్కలైతే గలగలమంటుంది, కమురు వాసనా రావచ్చు. చల్లారాక మల్టీమీటర్‌తో స్టార్ట్, రన్ పిన్నులు దూరే రంధ్రాల మధ్య చూడండి: కొద్ది ఓములుంటే బాగున్నట్టు, ఓపెన్ అయితే పోయినట్టు. కాయిల్ రిలేలో కాంటాక్టు నిటారుగా పట్టుకుంటే ఓపెన్, తిప్పితే కలవాలి. ఆపై కంప్రెసర్ మూడు పిన్నులు: కామన్ నుంచి మిగతా రెండింటికీ వచ్చే ఓముల మొత్తం, ఆ రెండింటి మధ్య ఓములకు సమానం కావాలి. ఏ పిన్నూ బాడీకి తగలకూడదు.

రిలే పోయినట్టు తేలితే, పాతదాన్ని జేబులో వేసుకుని అబిడ్స్ నుంచి కోఠి వైపు ట్రూప్ బజార్, గుజరాతీ గల్లీలకు పోండి. పిన్నులు, కంప్రెసర్ నంబరు సరిపోలినదే కొనండి. ఎవరైనా "కంప్రెసర్ పోయింది, మార్చాలి" అంటే, "రిలే తీసి మీటర్ పెట్టి చూశారా?" అని ముందు అడగండి.