గ్లోరాంథాలో మతం, సమాజ జీవనం

గ్లోరాంథా అమెరికన్ రచయిత, క్రీడా రూపకర్త గ్రెగ్ స్టాఫర్డ్ (1948–2018) సృష్టించిన ఒక కాల్పనిక ప్రపంచం. రూన్‌క్వెస్ట్ మొదలైన పాత్రధారణ క్రీడలకు (రోల్ ప్లేయింగ్ గేములకు) ఇది రంగస్థలం. ఇటువంటి క్రీడలో కొందరు బల్ల చుట్టూ కూర్చొని, తలా ఒక పాత్రను స్వీకరించి, ఆ పాత్ర ఏమి చేస్తుందో మాటలలో చెబుతారు. గేమ్ మాస్టర్ అనే వ్యక్తి మిగిలిన ప్రపంచాన్ని నడిపిస్తాడు. ఫలితం సందేహాస్పదమైనప్పుడు పాచికలు వేసి నిర్ణయిస్తారు.

ఇటువంటి క్రీడా ప్రపంచాలు అనేకం ఉన్నాయి. వాటిలో చాలావాటిలో దేవతలు కథకు నేపథ్యం మాత్రమే. గ్లోరాంథాలో సేద్యం, వివాహం, న్యాయం, యుద్ధం అన్నీ పురాణగాథలపై ఆధారపడి ఉంటాయి. అక్కడ దేవతలు ఉన్నారన్నది విశ్వాసం కాదు, నిత్యానుభవం. అయితే ఆ దేవతలు స్వేచ్ఛగా వర్తించలేరు. అందువలన లోకాన్ని నిలబెట్టే భారం మనుషుల మీద, వారి చిన్న చిన్న సమాజాల మీద పడుతుంది. ఈ ప్రపంచపు ప్రధాన విశేషం ఇదే.

ఆవిర్భావం

స్టాఫర్డ్ 1966లో కళాశాల విద్యార్థిగా ఉన్నప్పుడు గ్లోరాంథా గురించి వ్రాయడం ప్రారంభించాడు. పురాణాల అధ్యయనం పట్ల ఆయనకు గల ఆసక్తి ఈ రచనలకు మూలం. 1975లో కేయోసియం అనే సంస్థను స్థాపించి, ఈ ప్రపంచం ఆధారంగా వైట్ బేర్ అండ్ రెడ్ మూన్ అనే యుద్ధ క్రీడను ప్రచురించాడు. స్టీవ్ పెరిన్ తదితరులు రూపొందించిన రూన్‌క్వెస్ట్ 1978లో వెలువడింది.

దీనికి ముందు 1974లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో దైవసంబంధమైన మంత్రశక్తి ముఖ్యంగా పూజారి తరగతికి చెందిన పాత్రలకు పరిమితమై ఉండేది. రూన్‌క్వెస్ట్‌లో తరగతులు లేవు. రైతు, వర్తకుడు, యోధుడు ఎవరైనా ఏదో ఒక దేవతను ఆశ్రయించి, ఆ దేవతా మంత్రాలను పొందవచ్చును. 1979లో వచ్చిన కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్ అనే గ్రంథం ఒక్కొక్క మతశాఖకు పురాణం, వ్యవస్థ, సభ్యత్వ నియమాలు, మిత్ర దేవతలు అనే క్రమంలో వివరాలు ఇచ్చింది. మధ్యమధ్య ఒక సంచార వర్తకుని ప్రయాణ దినచర్య ఉండడం వలన, ఆ మతాలు సామాన్యుల జీవితంలో ఎలా కనిపిస్తాయో పాఠకునికి తెలుస్తుంది.

సూర్యవధ, జ్యోతివాహకుల యాత్ర

గ్లోరాంథాలో భూమి గోళం కాదు. అది సముద్రం నడుమ తేలియాడే బల్లపరుపు నేల. పైన గోపురం వంటి ఆకాశం, క్రింద పాతాళం ఉంటాయి. కాలం ప్రారంభం కాకముందున్న యుగాన్ని దేవకాలం అంటారు.

దేవకాలంలో సూర్యదేవుడైన యెల్మ్ సకల లోకాలకు చక్రవర్తి. తుఫాను దేవుడైన ఓర్లాంత్ అతనితో వైరం పెంచుకొని, అప్పుడే లోకంలోకి వచ్చిన మృత్యువును ఆయుధంగా ఉపయోగించి అతనిని వధించాడు. సూర్యుడు పాతాళానికి పోవడంతో లోకం చీకటిలో మునిగింది. ఆ చీకటిలో కేయాస్ అనే వినాశశక్తి ప్రవేశించి దేవతలను సైతం కబళించసాగింది.

తన చేతలే ఈ విపత్తుకు కారణమని గ్రహించిన ఓర్లాంత్ పాతాళానికి ప్రయాణమయ్యాడు. వర్తక దేవుడు ఇస్సారీస్, విద్యాదేవుడు లాంకోర్ మై, వైద్యదేవత చలానా అరోయ్, మోసగాడైన యూర్మల్, సామాన్య మానవునికి ప్రతినిధియైన ఫ్లెష్ మ్యాన్, రహస్యమయమైన జిన్నా జార్ అతనిని అనుసరించారు. ఈ ఏడుగురిని జ్యోతివాహకులు అంటారు. ఓర్లాంత్ తాను చంపినవాని ఎదుట నిలిచి తప్పు ఒప్పుకున్నాడు. వైరులిద్దరూ రాజీపడిన తరువాతనే సూర్యుడు తిరిగి ఉదయించాడు. తుఫాను దేవుని భక్తులకు ఈ గాథ ధర్మశాస్త్రం వంటిది. వారి దేవుడు తప్పు చేయనివాడు కాదు, చేసిన తప్పును సరిదిద్దినవాడు.

మహాసంధి

సూర్యోదయానికి ముందు పాతాళంలో మిగిలిన దేవతలు అరాక్నే సొలారా అనే దేవత నేసిన వలలో చేరి, కేయాస్‌ను బంధించారు. ఆ వల నుండి కాలం పుట్టింది. దేవతల మధ్య కుదిరిన ఈ ఒప్పందమే మహాసంధి. దీని ప్రకారం దేవతలు తాము దేవకాలంలో చేసిన పనులకు కట్టుబడి ఉండాలి. కొత్తగా ఏదీ చేయడానికి వీలు లేదు. సూర్యుడు ప్రతి సాయంత్రం పాతాళానికి దిగి, ప్రతి ఉదయం తిరిగి లేవడం ఈ నియమానికి లోబడినదే. కాలంలో స్వేచ్ఛ మానవులకు మాత్రమే మిగిలింది. దేవతలకు శక్తి ఉన్నది కాని స్వేచ్ఛ లేదు. మానవులకు స్వేచ్ఛ ఉన్నది కాని శక్తి స్వల్పం. ఈ రెండింటినీ కలిపే వారధి పూజ.

మతశాఖలు, సభ్యత్వం

మతశాఖలో సాధారణ భక్తులు, దీక్షితులు, పూజారులు అనే అంతరాలు ఉంటాయి. దీక్షితుడు సాధారణంగా తన ఆదాయంలో, కాలంలో పదవ వంతు ఆలయానికి ఇవ్వాలి. పూజారి దాదాపు మొత్తం జీవితాన్ని అర్పించాలి. దైవమంత్రం పొందగోరిన పాత్ర తన ఆత్మశక్తిలో కొంత భాగాన్ని శాశ్వతంగా త్యాగం చేయవలసి ఉంటుంది.

ప్రాణాపాయంలో దీక్షితుడు దేవుని నేరుగా పిలువవచ్చును. అప్పుడు 1 నుండి 100 వరకు సంఖ్య వచ్చేలా పాచికలు వేస్తారు. వచ్చిన సంఖ్య అతని ఆత్మశక్తిని మించకపోతే సహాయం అందుతుంది. కాని అంతే శక్తి అతని నుండి పోతుంది. ఉన్నదంతా పోతే ఆత్మ దేవునిలో కలిసిపోతుంది. ఈ విధంగా భక్తి, త్యాగం అనేవి మాటలుగా మిగలక, ఆటగాడు లెక్క చూసుకొని తీసుకోవలసిన నిర్ణయాలు అవుతాయి.

వ్రతనియమాలు కఠినమైనవి. చలానా అరోయ్ భక్తులు హింస చేయరాదు. మృత్యుదేవుడైన హుమాక్ట్ భక్తులు అబద్ధమాడరాదు, చనిపోయిన తరువాత పునర్జీవితాన్ని అంగీకరించరాదు. నియమం తప్పినవారిని ఆయా దేవతల దండన భూతాలు వెంటాడుతాయి.

వంశ జీవనం

డ్రాగన్ పాస్ అనే కొండ ప్రాంతంలోని ఓర్లాంత్ భక్తులు వంశాలుగా నివసిస్తారు. వంశానికి సొంత భూమి, పశువుల మందలు, కాపాడే వైటర్ అనే రక్షక దేవత ఉంటాయి. ఈ దేవత వంశంలోని అందరి ఐక్యతకు రూపం. వంశస్థులు విడిపోతే అదీ క్షీణిస్తుంది. వంశపెద్దకు సలహా చెప్పే మండలిలో జ్యోతివాహకుల సంఖ్యను అనుసరించి సాధారణంగా ఏడుగురు ఉంటారు. వంశంలోపల వివాహం నిషిద్ధం కనుక ప్రతి పెండ్లి రెండు వంశాల మధ్య సంబంధంగా పరిణమిస్తుంది. హత్య జరిగినప్పుడు పరిహార ధనం చెల్లించి పగను ఆపవచ్చును. పశువుల కోసం దాడులు సర్వసాధారణం. భూదేవతయైన ఎర్నాల్డా భక్తురాండ్రు పోరుకు బదులుగా వేరొక మార్గం వెదకడం తమ బాధ్యతగా భావిస్తారు.

సంవత్సరానికి 294 రోజులు. సముద్ర, అగ్ని, భూమి, చీకటి, తుఫాను అనే ఐదు ఋతువులు, ఒక్కొక్కటి ఏడు రోజుల వారాలు ఎనిమిది. చివరి రెండు వారాలు పవిత్ర కాలం. అప్పుడు వంశమంతా కలిసి జ్యోతివాహకుల యాత్రను అభినయించి లోకాన్ని పునరుద్ధరిస్తుంది. పూజ లోపిస్తే వచ్చే సంవత్సరం పంట, సంతానం, అదృష్టం లోపిస్తాయి.

ప్రాక్స్ అనే ఎండు మైదానంలోని సంచార తెగల ధర్మం వేరు. అక్కడి గడ్డి మనుషులకూ పశువులకూ కలిపి చాలదు. వాహా అనే దేవుడు ఏర్పరచిన ఒప్పందం ప్రకారం ప్రతి తెగా తన పశువులతో పోటీపడింది. గెలిచినవారు కాపరులయ్యారు, ఓడినవారు గడ్డి మేసే మందలయ్యారు. మోరోకాంత్ అనే జంతుజాతి మాత్రం మనుషులపై గెలిచింది. అందుచేత ఆ జాతి నేటికీ మనుషులను మందలుగా మేపుతుంది. చదివేవారికి ఇది భయంకరంగా తోచినా, ఒప్పందం దృష్టిలో న్యాయమే.

వీరయాత్ర

వీరయాత్ర అనగా భక్తులు ఒక పురాణగాథను అభినయిస్తూ దేవకాలంలోకి ప్రవేశించడం. యాత్రికుడు దేవుని పాత్రలో నిలిచి, దేవుడు ఎదుర్కొన్న పరీక్షలనే ఎదుర్కొంటాడు. వెనుక నిలిచిన సమాజం తన శక్తిని అతనికి అందిస్తుంది. గెలిస్తే ఆ వరం ఊరందరిదీ, ఓడితే నష్టమూ అందరిదీ. 1999లో వచ్చిన కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్ అనే కంప్యూటర్ క్రీడలో ఈ విషయం చక్కగా కనబడుతుంది. అందులో ఆటగాడు ఒక వీరుడిని కాక ఒక వంశం మొత్తాన్ని నడపాలి. గాథను శ్రద్ధగా చదవనివారు వీరయాత్రలో విజయం సాధించడం కష్టం.

భిన్న గాథలు

సూర్యవధ గాథ అందరికీ ఒకే విధంగా కనబడదు. యెల్మ్ భక్తుల దృష్టిలో ఓర్లాంత్ ధర్మబద్ధమైన చక్రవర్తిని చంపిన తిరుగుబాటుదారుడు. రెండు గాథలకూ శక్తి ఉన్నది, రెండూ పూజలో ఫలిస్తాయి. గ్లోరాంథా గ్రంథాలు ఏది సత్యమో తీర్పు చెప్పవు.

సూర్యోదయం నుండి లెక్కించే శకంలో 1247వ సంవత్సరంలో ఎర్రచంద్రిక అనే కొత్త దేవత ఆకాశానికి ఎక్కింది. కాలంలో పుట్టిన దేవత ఈ విధంగా వెలయడం మహాసంధికి సవాలు. ఆమె సామ్రాజ్యం కేయాస్‌ను సైతం తనలో ఇముడ్చుకోగలనని భావిస్తుంది. ఓర్లాంత్ భక్తులకు ఇది క్షమించరాని నేరం. సామ్రాజ్యం 1602లో డ్రాగన్ పాస్‌లోని సార్టార్ రాజ్యాన్ని ఆక్రమించింది. 1621లో వైట్‌వాల్ కోట పతనమైనప్పుడు ఓర్లాంత్ ఆరాధన తెగిపోయి, గాలి స్తంభించి, భీకరమైన శీతకాలం వచ్చింది. ఒక ప్రజ మతాన్ని అణచివేస్తే ఏమి పోతుందో ఈ ఘట్టం ప్రత్యక్షంగా చూపుతుంది.

అంతకు పూర్వం గాడ్ లెర్నర్లు అనే మేధావులు పురాణాలన్నీ మార్చుకోదగిన సూత్రాలని భావించారు. వారు రెండు ప్రాంతాల ధాన్యదేవతలను ఒకరి స్థానంలో మరొకరిని ఉంచి పరీక్షించారు. ఆ ప్రయోగం పంటల వినాశనంతో ముగిసింది. చివరకు వారి సామ్రాజ్యమే నశించింది. గాథను దాని ప్రజల నుండి, నేల నుండి వేరు చేయరాదనేది ఈ కథలోని భావం.

తరువాతి పరిణామాలు

1984లో రూన్‌క్వెస్ట్ మూడవ కూర్పును అవలాన్ హిల్ సంస్థ ప్రచురించినప్పుడు గ్లోరాంథాకు ప్రాధాన్యం తగ్గింది. 2000లో హీరో వార్స్, 2003లో హీరోక్వెస్ట్ అనే క్రీడలు దీనిని తిరిగి ముందుకు తెచ్చాయి. 2014లో గైడ్ టు గ్లోరాంథా అనే బృహద్గ్రంథం వెలువడింది. 2018లో గ్లోరాంథా కేంద్రంగా రూన్‌క్వెస్ట్ కొత్త కూర్పు వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో స్టాఫర్డ్ మరణించాడు. మతశాఖలను వివరించే కల్ట్స్ ఆఫ్ రూన్‌క్వెస్ట్ గ్రంథమాల 2023లో ప్రారంభమైంది. కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్ ఒరవడిలో సిక్స్ ఏజెస్ కంప్యూటర్ క్రీడలు 2018లో, 2023లో వెలువడ్డాయి.