పాత జీపు ఇంజనుకు అయిదు అంకెలు

18, 16, 30, 20, 5. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పాత పెట్రోలు జీపును పదిలంగా కాపాడుకుంటున్నవాళ్లు కంఠతా పట్టాల్సిన అంకెలివి. మొదటి నాలుగూ ‘థౌ’ లెక్క. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. చివరిది డిగ్రీలు.

ఈ ఇంజను పుట్టింది అమెరికాలో. విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన సీజే-3బీ జీపులోని ‘హరికేన్’ ఇది: 4 సిలిండర్లు, 2,199 సీసీ. 1949లో ముంబైలోని మజగావ్‌లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన మహీంద్రా, తర్వాత ఈ మోడల్‌నూ తయారుచేసింది. అమెరికాలో 1968లో ఆగిపోయినా ఇక్కడ ఎన్నో ఏళ్లు కొనసాగింది.

18, 16: టాపెట్లు

టాపెట్ల సందు ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఇన్‌టేక్ వాల్వులకు 18 థౌ, ఎగ్జాస్టుకు 16. ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్టువి పక్కన బ్లాక్‌లో ఉంటాయి. పై మూత తీసి సగం పనితో సరిపెట్టొద్దు. ఎగ్జాస్టు సందు మరీ తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

30, 20: ప్లగ్గులు, పాయింట్లు

ప్లగ్గుల సందు 30 థౌ, అంటే ముప్పావు మిల్లీమీటరు. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సందు 20, అంటే అర మిల్లీమీటరు. ఇంజను 2,000 ఆర్పీఎంలో తిరిగితే పాయింట్లు నిమిషానికి 4,000 సార్లు విడిపోతాయి. అందుకే అరుగుదల తప్పదు. కొందరు హ్యాక్‌సా బ్లేడు దూర్చి సందు చూస్తారు. దాని మందం సుమారు 25 థౌ. ఆ తేడాకే పాయింట్లు ముందుగా విడిపోయి టైమింగు జరిగిపోతుంది. ఫీలర్ గేజ్ కొనుక్కోండి.

5: టైమింగు

పిస్టన్ పైకొసకు చేరడానికి 5 డిగ్రీల ముందు నిప్పురవ్వ పడాలి. 600 ఆర్పీఎం ఐడ్లింగులో ఆ 5 డిగ్రీలంటే సెకనులో 720వ వంతు. పాయింట్లు సర్దాకే టైమింగు చూడాలి. ముందు టైమింగు పెట్టి తర్వాత పాయింట్లు కదిలిస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2.

కార్బొరేటర్ చివర్లోనే

బండి ఎగిరెగిరి పడితే చాలామంది మొదట కార్బొరేటర్ స్క్రూ మీదే చెయ్యి వేస్తారు. పై అయిదూ కుదిరాకే దాని వంతు. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి సముద్ర తీరంలో కన్నా సుమారు 5 శాతం పలచన. అందువల్ల మిశ్రమం కొంచెం చిక్కబడుతుంది. కానీ 20 శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు దాన్ని అంతకన్నా ఎక్కువగా పలచబరుస్తుంది. కిలో మామూలు పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ పెట్రోలుకు 13.5 చాలు. పలచని మిశ్రమంతో శ్రీశైలం ఆనకట్ట నుంచి దోమలపెంట వైపు ఘాటు ఎక్కితే ఇంజను వేడెక్కి గుంజుడు తగ్గుతుంది. పాత రబ్బరు పైపులను ఇథనాల్ పాడుచేస్తుంది కనుక వాటినీ మార్చండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు. మన ప్రాంతపు ఉప్పు నీళ్లు లోపల గార కట్టి, నీటి దారులు పూడ్చేస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి.

సర్దిన రోజే తేదీతో సహా ఈ అయిదూ ఒక చీటీ మీద రాసి బండిలో పెట్టండి. మళ్లీ కొలిచినప్పుడు 20 థౌ 15కి దిగిందంటే, బండి మొరాయించకముందే ఎక్కడ అరిగిందో మీకు తెలిసిపోతుంది.